రీఫ్ ట్యాంకులో నైట్రేట్, ఫాస్ఫేట్ దించడానికి ఏ పద్ధతి? బరంపురం వైపు ఇళ్లకు నప్పేవీ, నప్పనివీ

రీఫ్ ట్యాంకు అంటే ఉప్పునీళ్లలో పగడాలు, చేపలు పెంచే గాజు తొట్టి. మేత నుంచీ పోసే నీళ్ల నుంచీ వచ్చే నైట్రేట్, ఫాస్ఫేట్ అందులో పేరుకుంటే పాచి పెరుగుతుంది. నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దాటింది, గాజు మీద పాచి రెండు రోజులకోసారి గీకాల్సి వస్తోంది, ఏం వాడమంటారు అని ట్యాంకులున్నవాళ్లను అడిగి చూడండి. ప్రతి ఒక్కరూ ఒక్కో సీసా పేరు చెబుతారు. ఆ సీసాలు చాలావరకు పని చేసేవే. కాకపోతే ఆ సలహా ఇచ్చేవాళ్లు ఉండేది కరెంటు పోగానే జనరేటర్ వేసే అపార్టుమెంట్లో. అడిగిన సామాను సాయంత్రానికల్లా ఇచ్చే దుకాణం వాళ్ల పక్క వీధిలోనే ఉంటుంది. ఒడిశాలోని బరంపురం, ఛత్రపూర్, పర్లాకిమిడి, రాయగడ వైపు లెక్క వేరు. వేసవి సాయంత్రం గాలివాన కొడితే కరెంటు మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. మందు అయిపోతే కోల్‌కతా నుంచో, చెన్నై కొళత్తూరు నుంచో, హైదరాబాద్ నుంచో కొరియర్ రావాలి. మరోవైపు గోపాలపూర్ సముద్రం బరంపురానికి గట్టిగా అరగంట దూరం. బెంగళూరు వాళ్లకు ఆ సౌకర్యం లేదు.

అందుకని ఇక్కడ ఒక్కో పద్ధతినీ మూడు ప్రశ్నలతో తూస్తున్నాను. రెండింట్లో దేన్ని దించుతుంది? ఎనిమిది గంటలు కరెంటు లేకపోతే ట్యాంకులో ఏమవుతుంది? కొరియర్ పది రోజులు ఆలస్యమైతే పని ఆగిపోతుందా? నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఎక్కువ ఇళ్లకు నీళ్లు మార్చడం, దానికి తోడు చీటో అనే పాచి పెంచడం. స్కిమ్మర్ (నురగతో మురికిని తోడేసే పరికరం), ఇన్వర్టర్ రెండూ గట్టిగా ఉన్నవాళ్లకు వెనిగర్. ఫాస్ఫేట్ ఒక్కటే మొండికేస్తే కొద్దికొద్దిగా దాన్ని పట్టేసుకునే ఇనుప గుళికలు, అంటే జీఎఫ్‌ఓ. మిగతావన్నీ ఆ తర్వాతే.

ముందు రెండు అంకెలు

రెండూ కొలవకుండా ఏ మందూ కొనకండి. నైట్రేట్‌కి సాలిఫర్ట్ లాంటి రంగు చూసే కిట్ చాలు. ఫాస్ఫేట్ అలా కాదు. 0.03కీ 0.1కీ మధ్య నీలం రంగులో తేడా కంటికి ఆనదు, అందుకే హన్నా చెకర్ లాంటి చిన్న మీటర్ మీద పెట్టిన డబ్బు వృథా పోదు. ఆ మీటర్లలో ఒక రకం ఫాస్ఫరస్‌ని పీపీబీల్లో (పీపీఎంలో వెయ్యో వంతు) చూపిస్తుంది. దాన్ని 3.066తో గుణించి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎం వస్తుంది. మీటర్ మీద 20 కనిపిస్తే ఫాస్ఫేట్ 0.06 అన్నమాట. అలాగే కొన్ని కిట్లు నైట్రేట్ బదులు నైట్రేట్-నైట్రోజన్ చెబుతాయి, ఆ అంకెను 4.4తో గుణించాలి. ఈ లెక్క తెలియక "నాది 5 మాత్రమే" అని ధీమాగా ఉన్నవాళ్ల ట్యాంకులో నిజానికి 22 ఉంటుంది. ఇంకోటి, కొత్త ట్యాంకులో నైట్రైట్ ఇంకా మిగిలి ఉంటే నైట్రేట్ కిట్ అంకెను పెంచి చూపిస్తుంది. ట్యాంకు పూర్తిగా సైకిల్ అయ్యేదాకా (వ్యర్థాలను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడేదాకా) ఆ అంకె చూసి టెన్షన్ పడకండి.

ఎంత ఉండాలి? లెదర్ కోరల్, జోవాంథిడ్లు, మష్రూమ్‌ల లాంటి మెత్త పగడాలకు నైట్రేట్ 5 నుంచి 20, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 హాయిగా సరిపోతుంది. పెద్ద నోళ్లున్న రాతి పగడాలకు నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1. కొమ్మల్లా పెరిగే ఆక్రోపోరా రకాలకు నైట్రేట్ 1 నుంచి 5, ఫాస్ఫేట్ 0.02 నుంచి 0.05. అసలైన పగడపు దిబ్బల మీద నీళ్లలో ఇంతకంటే చాలా తక్కువే ఉంటాయి. కానీ అక్కడ అలలతో పాటు తిండి నిత్యం వచ్చిపడుతుంటుంది, మన గాజు పెట్టెలో రాదు. సున్నా కోసం ఆరాటపడితే పగడాలు పాలిపోతాయి, ఆ ఖాళీలో డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు గోధుమరంగు జిగురులా పరుచుకుంటాయి. ఆకుపచ్చ పాచి కంటే వాటిని వదిలించుకోవడం చాలా కష్టం.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో దిబ్బ కట్టే రాతి పగడాలు, నల్ల పగడాలు, ఫైర్ కోరల్, సముద్రపు విసనకర్రలు ఉన్నాయి. వాటిని సముద్రం నుంచి తేవడం, కాగితాల్లేకుండా కొనడం నేరం. అందువల్ల కూడా మన వైపు ఇంట్లో పెట్టుకోవాల్సినవి మెత్త పగడాలే. అవి ఉన్న ట్యాంకులో నైట్రేట్ 15 దగ్గర ఉంటే అసలు దించాల్సిన పనే లేదు. ఇక్కడితో చదవడం ఆపేసినా మీకు నష్టం లేదు.

రెండు అంకెల మధ్య నిష్పత్తి కూడా చూడాలి. సముద్రపు సూక్ష్మజీవుల ఒంట్లో నైట్రోజన్, ఫాస్ఫరస్ అణువులు సుమారు 16కి 1గా ఉంటాయని సముద్ర శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ చెప్పాడు. మన కిట్ల భాషలో అది నైట్రేట్ 10కి ఫాస్ఫేట్ 1. పాచిలో నైట్రోజన్ వాటా ఇంకా ఎక్కువ, దాదాపు 20కి 1. నైట్రేట్ 40 ఉండి ఫాస్ఫేట్ 0.02 ఉన్న ట్యాంకులో బ్యాక్టీరియా గానీ పాచి గానీ ఎదగలేక ఆగిపోయేది ఇందుకే. అక్కడ చీటో మీద, వెనిగర్ మీద డబ్బు తగలేసినా అంకె కదలదు.

ఎక్కడి నుంచి వస్తోంది

పోసే నీళ్ల దగ్గర మొదలుపెట్టండి. తాగునీటికి ఐఎస్ 10500 ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాముల దాకా నైట్రేట్‌ని ఒప్పుకుంటుంది. మనుషులు తాగడానికి పనికొచ్చే బోరు నీళ్లే ట్యాంకులో పోస్తే మీరు దించాలనుకుంటున్న అంకె బిందెతో పాటే లోపలికి వస్తుంది. వంటింటి ఆర్‌ఓ ఉందిగా అంటారు. అందులో రుచి కోసం కొంత పచ్చి నీళ్లు కలిపే టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది, పైన మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. బయటికి వచ్చే నీళ్లలో టీడీఎస్ 40, 50 చూపిస్తుంది. పైగా మెంబ్రేన్ మిగతా లవణాలను ఆపినంత గట్టిగా నైట్రేట్‌ని ఆపలేదు. మెకానిక్‌తో కంట్రోలర్ మూయించి, మినరల్ కార్ట్రిడ్జ్ కంటే ముందే ఒక టీ ఆకారపు గొట్టం బిగించి, అక్కడి నుంచి, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గొట్టం గుండా నీళ్లు పట్టుకుంటే టీడీఎస్ సున్నాకు వస్తుంది. కొత్త మెషిన్ కొనక్కర్లేదు. రోజూ ఆవిరైపోయే నీళ్లకు బదులు పోసేది కూడా ఈ నీళ్లే కావాలి. ఏప్రిల్, మే నెలల్లో చల్లదనానికి ఫ్యాన్లు పెడితే ఆవిరి బాగా పెరుగుతుంది, కాబట్టి ఆ రెండు నెలల్లో చెడ్డ నీళ్ల ప్రభావం కూడా పెరుగుతుంది.

తర్వాత మేత. పొడి మేతలో ఫాస్ఫరస్ సుమారు ఒక శాతం ఉంటుంది. 300 లీటర్ల ట్యాంకులో ఒక గ్రాము వేసి, అది మొత్తం నీళ్లలో కలిసిపోయిందనుకుంటే ఫాస్ఫేట్ 0.1, నైట్రేట్ దాదాపు 1 పెరుగుతాయి. ఒక్క గ్రాము! చేపల ఒంట్లోకి పోయేది, స్కిమ్మర్ తీసేది పోను నీళ్లలో మిగిలేది తక్కువే గానీ దిశ ఇదే. గడ్డకట్టిన మైసిస్, బ్రైన్ ష్రింప్ లాంటి చిన్న రొయ్యల మేత వేసేవాళ్లు కరిగించి ఆ నీళ్లు పారబోసి వేస్తే కొంత మేలు. అద్భుతం మాత్రం జరగదు, ఎందుకంటే ఫాస్ఫరస్ ఎక్కువగా ఉండేది ఆ రొయ్య కండలోనే. ఠాకురాణి యాత్రకి ఇల్లంతా చుట్టాలతో నిండినప్పుడు మేత డబ్బా బీరువాలో పెట్టి తాళం వేయడం ఏ మందుకూ తీసిపోని పద్ధతి. వచ్చిన ప్రతి పిల్లాడూ ఒక చిటికెడు వేయకుండా వెళ్లడు.

మూడోది రాళ్లు. సున్నపు రాయి, పగడపు ఇసుక ఫాస్ఫేట్‌ని పీల్చుకుని పట్టి ఉంచుతాయి, నీళ్లలో తగ్గితే మళ్లీ వదులుతాయి. పాత ట్యాంకు నుంచి చవగ్గా దొరికిన రాళ్లతో మొదలుపెట్టినవాళ్లకు ఫాస్ఫేట్ నెలల తరబడి దిగకపోవడానికి కారణం ఇదే. నైట్రేట్‌కి ఈ గుణం లేదు, నీళ్లలోనే ఉంటుంది. దానివల్లే రెండింటికీ మందులు వేరువేరు.

నీళ్లు మార్చడం: ఉప్పు ప్యాకెట్టా, గోపాలపూర్ నీళ్లా

నైట్రేట్‌కి ఇంతకంటే నమ్మకమైనది లేదు. 20 శాతం మారిస్తే 20 శాతం తగ్గుతుంది. 40 ఉన్నది 32, 26, 20, 16, 13 దాటి ఆరోసారికి 10 దగ్గరికి వస్తుంది. సగం సగం మారిస్తే రెండుసార్లే. కానీ సగం మార్చేటప్పుడు కొత్త నీళ్ల ఉప్పు, వేడి, ఆల్కలినిటీ పాత వాటితో సరిగ్గా కలవాలి, లేకపోతే నైట్రేట్ కంటే ఆ కుదుపే ఎక్కువ బాధపెడుతుంది.

ఇందులో చాలామంది చూడని లెక్క ఒకటుంది. మీ ట్యాంకులో వారానికి నైట్రేట్ ఎంత పెరుగుతోందో కొలవండి. వారానికి 4 పెరుగుతూ, మీరు వారానికి 20 శాతం మారుస్తుంటే, ఎన్నేళ్లు మార్చినా అది 20 దగ్గర ఆగిపోతుంది. వారపు పెరుగుదలను ఐదుతో గుణిస్తే మీ ట్యాంకు స్థిరపడే అంకె వచ్చేస్తుంది. ఆ అంకె మీ పగడాలకు సరిపోతే ఇంకేమీ కొనక్కర్లేదు. సరిపోకపోతేనే రెండో పద్ధతి కావాలి. ఫాస్ఫేట్‌కి ఈ లెక్క పని చేయదు. మార్చిన రోజు తగ్గి, నాలుగు రోజుల్లో రాళ్లు మళ్లీ నింపేస్తాయి.

ఇక నీళ్ల సంగతి. ప్యాకెట్ ఉప్పుతో లీటరుకు 36 నుంచి 38 గ్రాములు పడుతుంది. 200 లీటర్ల ట్యాంకులో వారానికి 40 లీటర్లు మార్చాలంటే దాదాపు కిలోన్నర ఉప్పు. బకెట్ ఉప్పు కొరియర్‌లో తెప్పిస్తే బరువుకి కూడా డబ్బు కట్టాలి. గోపాలపూర్ నీళ్లకు ఆ ఖర్చు లేదు. అక్కడ వేటకెళ్లేవాళ్లలో చాలామంది తెలుగువాళ్లే, బేరం కూడా మన భాషలోనే. నాలుగు ఇరవై లీటర్ల క్యాన్లు ఇచ్చి, అలలు విరిగే చోటు దాటాక లోపలి నుంచి నింపి తెమ్మంటే తెస్తారు. క్యాన్లు కొత్తవై ఉండాలి, డీజిల్ వాసన తగలకూడదు. ఒడ్డున కాళ్లు తడిపే నీళ్లు మాత్రం వద్దు. ఇసుక, చెత్త, బీచ్ మీది మురికి అన్నీ అందులోనే ఉంటాయి. రుషికుల్య మొగ దగ్గరి నీళ్లూ వద్దు.

కాలం కూడా ముఖ్యం. ఫిబ్రవరి నుంచి మే దాకా నీళ్లు ఉప్పగా, తేటగా ఉంటాయి. వానలు పడ్డాక ఉప్పు బాగా తగ్గుతుంది. వానలు ఆగాక కూడా త్వరగా కోలుకోదు, ఎందుకంటే ఉత్తరాన మహానది, గంగ, బ్రహ్మపుత్ర సముద్రంలో కలిపిన మంచినీళ్లు అక్టోబరు తర్వాత తీరం వెంబడే దక్షిణానికి పారుతాయి. ఆ నీళ్లతో పాటు పొలాల ఎరువులు, సిలికేట్ కూడా కొట్టుకొస్తాయి. కాబట్టి తెచ్చిన ప్రతిసారీ రిఫ్రాక్టోమీటర్‌తో ఉప్పు, కిట్‌తో నైట్రేట్, ఫాస్ఫేట్ చూడాలి. ఉప్పు 28 పీపీటీ (వెయ్యికి 28 వంతులు) వస్తే 35కి తేవడానికి లీటరుకు 7 గ్రాములకు కొంచెం పైగా ప్యాకెట్ ఉప్పు కలిపితే చాలు. 40 లీటర్లకు 300 గ్రాములు, అంటే పూర్తి ప్యాకెట్ నీళ్లతో పోలిస్తే ఐదో వంతు ఖర్చు. తెచ్చాక సన్నని ఫిల్టర్ సాక్ గుండా వడకట్టి, మూత పెట్టి, చీకట్లో గాలి పంపు ఆడిస్తూ కొన్నాళ్లు ఉంచి వాడాలి.

నా ఎంపిక అడిగితే ఫిబ్రవరి నుంచి మే దాకా సముద్రపు నీళ్లు, జూన్ నుంచి డిసెంబరు దాకా ప్యాకెట్ ఉప్పు. రాయగడ, జయపురం వాళ్లకు ఘాట్ రోడ్డు మీద క్యాన్లు మోయడం కంటే ఏడాది పొడవునా ప్యాకెట్టే సుఖం.

చీటో

సంప్‌లో ఒక గదిలో చీటోమార్ఫా అనే తీగల ముద్దలాంటి పాచిని పెంచి, పెరిగినంతా కోసి పారేయడమే ఈ పద్ధతి. సంప్ అంటే ఇంటి కింది నీళ్ల తొట్టి అనుకునేరు, ఇక్కడ ట్యాంకు కింద బీరువాలో ఉండే రెండో గాజు తొట్టి. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ పాచి ఒంట్లోకి వెళ్లి, కోసిన ముద్దతో ఇంటి బయటికి పోతాయి. కొరియర్‌తో పని లేదు, ఒకసారి గుప్పెడు దొరికితే చాలు. మొక్కలకు వాడే ఎరుపు-నీలం ఎల్‌ఈడీ బల్బు, తక్కువ ధరది సరిపోతుంది. పై ట్యాంకు లైట్లు ఆరాక దీన్ని వెలిగిస్తే రాత్రి పీహెచ్ పడిపోవడం కూడా తగ్గుతుంది.

కరెంటు పోయినప్పుడు దీని గొప్ప తెలుస్తుంది. చీకట్లో పాచి కూడా ఆక్సిజన్ వాడుతుంది, నిజమే. అయితే సంప్ నుంచి నీళ్లు పైకి తోడే రిటర్న్ పంపు ఆగగానే సంప్‌కీ పై ట్యాంకుకీ సంబంధం తెగిపోతుంది. పైన చేపలకు ఉన్న ఆక్సిజన్‌ని ఇది దోచుకోదు. ఎనిమిది గంటల కోతకు చీటోకి ఏమీ కాదు. తుఫాను వచ్చి రోజుల తరబడి చీకటైతే మాత్రం కుళ్లకముందే తీసి బకెట్‌లో వేసేయండి. పంపు మళ్లీ తిరిగే ముందు సంప్‌లో నీళ్లు వాసన చూడటం మంచిది.

లోపాలు లేకపోలేదు. నెమ్మది. ఫలితం కనిపించడానికి నెలా రెండు నెలలు పడుతుంది. నైట్రేట్ తక్కువగా ఉండి ఫాస్ఫేట్ ఒక్కటే ఎక్కువ ఉన్నచోట నైట్రోజన్ చాలక ఎదుగుదల ఆగుతుంది. ముద్ద దట్టమైపోతే లోపలి భాగానికి వెలుగు అందక చచ్చి, పట్టుకున్నదంతా తిరిగి వదిలేస్తుంది. అందుకే పదిహేను రోజులకోసారి మూడో వంతు కోయాలి. ఆకుల్లా ఉండే కాలెర్పా కూడా ఇదే పనికి వాడతారు గానీ, అది ఒక్కోసారి రాత్రికి రాత్రి బీజాలు వదిలి తెల్లగా కరిగిపోతుంది. చీటోతో ఆ గొడవ లేదు. చిలికా నుంచి నాలుగు పోగులు తెచ్చుకుందామనే ఆలోచన వద్దు. అది 1981 నుంచి రామ్సర్ జాబితాలో (అంతర్జాతీయంగా కాపాడాల్సిన చిత్తడి నేలల జాబితా) ఉన్న సరస్సు. ఆ మాట అటుంచినా, పాచితో పాటు ఏ పురుగులు, ఏ పీతలు వస్తాయో తెలియదు. ట్యాంకు ఉన్న మరొకరి దగ్గర కోసి పారేసే ముద్ద అడిగితే ఎవరూ కాదనరు.

వెనిగర్, వోడ్కా

బ్యాక్టీరియాకి కార్బన్ తిండి పెడితే అది పెరుగుతూ నైట్రేట్, ఫాస్ఫేట్ వాడుకుంటుంది, పెరిగిన బ్యాక్టీరియాని స్కిమ్మర్ నురగతో బయటికి తోడేస్తుంది. రాళ్ల లోపల గాలి తగలని చోట్ల కొన్ని బ్యాక్టీరియాలు నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చేస్తాయి కూడా. ఆ మార్పుకి ఫాస్ఫేట్ పెద్దగా అక్కర్లేదు, అందుకే ఈ పద్ధతిలో నైట్రేట్ దిగినంతగా ఫాస్ఫేట్ దిగదు. దుకాణాల్లో దొరికే ఖరీదైన నైట్రేట్ రెడ్యూసర్ సీసాల్లో చాలావాటి పని కూడా ఇదే.

వోడ్కా, వెనిగర్ మధ్య నా ఓటు వెనిగర్‌కే. కిరాణా కొట్లో దొరికే తెల్ల సింథటిక్ వెనిగర్ సరిపోతుంది, రంగు కలిపింది మాత్రం వద్దు. మన వోడ్కాలో 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. ఒక మిల్లీలీటరు వోడ్కా సుమారు ఎనిమిది మిల్లీలీటర్ల వెనిగర్‌తో సమానం. అంత గాఢమైనదాన్ని కొలవడంలో చిన్న తేడా వచ్చినా మోతాదు ఎక్కడికో పోతుంది. వెనిగర్‌లో చేయి కాస్త అటూఇటూ అయినా ప్రమాదం తక్కువ. పైగా వోడ్కా సీసా చేపల కోసమే కొన్నానంటే అత్తగారు నమ్మాలిగా! చక్కెర కూడా కార్బనే, కానీ మోతాదు పట్టుకోవడం కష్టం, పగడాలు గోధుమరంగుకి తిరుగుతాయని ఫిర్యాదు, కాబట్టి వదిలేయండి.

100 లీటర్లకు రోజుకు 1 మిల్లీలీటరు వెనిగర్‌తో మొదలుపెట్టి, వారం పాటు అదే ఉంచి, నైట్రేట్ కొలిచి, కదలకపోతే మరో 1 పెంచండి. వారానికి ఒక్కసారికి మించి పెంచకండి. ఉదయం లైట్లు వెలిగాక పోయాలి, అప్పుడు పీహెచ్, ఆక్సిజన్ రెండూ పెరిగే దశలో ఉంటాయి. నీళ్లు పాలలా మసకబారినా, గాజు మీద తెల్లని జిగురు కనిపించినా మోతాదు సగానికి తగ్గించండి. ఆక్రోపోరా ఉన్నవాళ్లు ఆల్కలినిటీని 7, 8 డీకేహెచ్ మధ్య ఉంచాలి. పోషకాలు పడిపోయి ఆల్కలినిటీ ఎక్కువగా ఉంటే కొసలు కాలిపోతాయి.

ఇక కరెంటు పోతే ఏమవుతుందనే రెండో ప్రశ్న దగ్గర ఈ పద్ధతి తేలిపోతుంది. తిండి తిన్న బ్యాక్టీరియా ఆక్సిజన్‌ని దండిగా వాడుతుంది. స్కిమ్మర్, పంపులు తిరుగుతున్నంతసేపూ ఆ లోటు తెలియదు. కరెంటు పోయిందా, గాలి కలిపేదీ బ్యాక్టీరియాని తోడేదీ రెండూ ఒకేసారి ఆగుతాయి. మే నెల వేడికి నీళ్లలో ఆక్సిజన్ ముందే తక్కువగా ఉంటుంది. వెనిగర్ పోసిన గంటకి గాలివాన, రాత్రంతా చీకటి. తెల్లారేసరికి పెద్ద చేపలు ముందు పోతాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి, గంజాం జిల్లాలను ముంచింది. అలాంటి నెలల్లో వాతావరణ శాఖ మొదటి హెచ్చరిక రాగానే వెనిగర్ ఆపేయడం మంచిది. వారం ఆపితే నైట్రేట్ కాస్త పెరుగుతుంది, అంతకుమించి నష్టం లేదు. ఇన్వర్టర్ మీద స్కిమ్మర్‌ని, నీళ్లు కదిలించడానికి కనీసం ఒక పవర్‌హెడ్‌ని పెట్టలేని ఇంట్లో ఈ పద్ధతి మొదలుపెట్టనే వద్దు. స్కిమ్మర్ లేని ట్యాంకులో సరేసరి.

ఫాస్ఫేట్ ఒక్కటే మొండికేస్తే

జీఎఫ్‌ఓ అంటే తుప్పురంగు ఇనుప గుళికలు. ఫాస్ఫేట్‌ని పట్టేసుకుంటాయి, నైట్రేట్ జోలికి పోవు. చిన్న రియాక్టర్‌లో నీళ్లు గుళికల గుండా మెల్లగా పారేలా పెడితే బాగా పని చేస్తాయి. గుడ్డ సంచిలో కట్టి సంప్‌లో వేలాడదీసినా చేస్తాయి, కాస్త తక్కువగా. కరెంటు పోతే ఏ ప్రమాదమూ లేదు. పొడిగా ఉంచితే ఎంతకాలమైనా నిలవుంటాయి, కాబట్టి ఒకసారి తెప్పించి దాచుకోవచ్చు.

దీని ప్రమాదం అతిగా పని చేయడంలో ఉంది. 0.5 ఉన్న ఫాస్ఫేట్‌ని రెండు రోజుల్లో 0.02కి లాగేస్తే పగడాలు ముడుచుకుపోతాయి. ప్యాకెట్ మీద రాసినదాంట్లో పావు వంతు వేయండి, దుమ్ము పోయేదాకా ఆర్‌ఓ నీళ్లతో కడిగి. వారంలో ఫాస్ఫేట్ సగానికి మించి పడకూడదు. రియాక్టర్ నుంచి బయటికి వచ్చే నీళ్లలోనూ ట్యాంకులోనూ ఒకే అంకె వస్తే గుళికలు నిండిపోయినట్టు, పారేసి కొత్తవి వేయాలి. తగ్గి మళ్లీ పెరిగితే మందు నకిలీదని తిట్టుకోనక్కర్లేదు, రాళ్లు దాచుకున్నది వదులుతున్నాయి. రెండు మూడు విడతలు ఓపిగ్గా మారిస్తే ఆ నిల్వ తరుగుతుంది. అల్యూమినియంతో చేసిన తెల్ల గుళికలు కూడా అమ్ముతారు. లెదర్ కోరల్ వాటికి ముడుచుకుపోతుంది, మన ట్యాంకుల్లో అదే ఎక్కువ కాబట్టి ఇనుపవే తీసుకోండి.

లాంథనం క్లోరైడ్ చవక. స్విమ్మింగ్ పూల్ మందుగా దొరుకుతుంది. ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లని పొడిగా పేరుకుంటుంది, ఆ పొడిని 5 లేదా 10 మైక్రాన్ల సాక్‌తో వడకట్టాలి. వడకట్టకపోతే చేపల మొప్పల్లో చేరుతుంది. టాంగ్ చేప‌లకు ఇది ముఖ్యంగా పడదని అనుభవజ్ఞులు చెబుతారు. ఆల్కలినిటీని కూడా లాగేస్తుంది. పగడాలున్న చిన్న ట్యాంకులో చుక్క లెక్క తప్పితే సర్దుకునే అవకాశం ఉండదు కాబట్టి నేనైతే సిఫారసు చేయను. ఒక్క చోట మాత్రం దీన్ని మించింది లేదు: పాత రాళ్లను వాడకముందు వేరే డ్రమ్ములో ఉప్పునీళ్లలో నానబెట్టి కడగడానికి. అక్కడ చేపల్లేవు, పగడాల్లేవు.

బ్యాక్టీరియాకి కార్బన్ తిండిగా ఇచ్చే గుళికలు (బయోపెల్లెట్లు), గంధకంతో నైట్రేట్ దించే డీనైట్రేటర్ల గురించి ఎక్కువ చెప్పను. రెండూ నీళ్లు ఆగకుండా పారుతుంటేనే క్షేమం. గంటల తరబడి పంపు ఆగితే లోపల కుళ్లిన గుడ్డు వాసన పుడుతుంది, కరెంటు రాగానే ఆ విషమంతా ట్యాంకులోకి వెళ్తుంది. మన వైపు ఇళ్లకు అవి వద్దు. పది సెంటీమీటర్ల లోతు ఇసుక పరుపు నైట్రేట్‌ని నిజంగానే దించుతుంది, కరెంటు కూడా అడగదు. కాకపోతే ట్యాంకు మొదలుపెట్టేటప్పుడే అనుకోవాల్సిన పని అది, నడుస్తున్న ట్యాంకులో ఇసుక కుమ్మరించడం కుదరదు.

ఏ ఇంటికి ఏది

పర్లాకిమిడిలో 60 లీటర్ల నానో, ఒక క్లౌన్ చేపల జంట, కాస్త జోవాంథిడ్లు. వారానికి 12 లీటర్లు మార్చండి, సుమారు 450 గ్రాముల ఉప్పు. ఇంకేదీ వద్దు, స్కిమ్మర్ కూడా.

బరంపురంలో 200, 300 లీటర్లు, సంప్ ఉంది, నైట్రేట్ 40, ఫాస్ఫేట్ 0.4. ముందు ఆర్‌ఓ సరిచేయండి, మేత తగ్గించండి, మూడు వారాలు వరసగా నీళ్లు మార్చండి. ఈలోగా చీటో వేళ్లూనుకుంటుంది. మూడు నెలలకు ఫాస్ఫేట్ ఇంకా 0.2 పైనే ఉంటే పావు మోతాదు జీఎఫ్‌ఓ కలపండి. ముందే రెండూ కలిపితే చీటోకి ఫాస్ఫేట్ చాలక ఎదగదు, అప్పుడు నైట్రేట్ అక్కడే ఉండిపోతుంది.

నైట్రేట్ 40, ఫాస్ఫేట్ 0.03 అయితే పైన చెప్పిన లెక్క ప్రకారం నీళ్లు మార్చడమే మందు, జీఎఫ్‌ఓ ఉంటే వెంటనే తీసేయండి. నైట్రేట్ 2, ఫాస్ఫేట్ 0.5 అయితే జీఎఫ్‌ఓ తప్ప వేరే దారి లేదు, వెనిగర్ పోస్తే ఉన్న కాస్త నైట్రేట్ కూడా పోతుంది.

చేపలు ఎక్కువ, మేత ఎక్కువ, స్కిమ్మర్ పెద్దది, ఇన్వర్టర్ మీద అన్నీ నడుస్తాయి అనుకునేవాళ్లకు వెనిగర్ బాగా నప్పుతుంది. అలాంటివాళ్లు కూడా ఊరికెళ్లేటప్పుడు మోతాదు ఇంట్లోవాళ్లకు అప్పగించకండి. నాలుగు రోజులు ఆపేసి వెళ్లండి, వచ్చాక సగంతో మళ్లీ మొదలుపెట్టండి.

ఏ దారి పట్టినా ఎక్కడ ఆపాలో ముందే అనుకోవాలి. నైట్రేట్ 10కి రాగానే వెనిగర్ సగం చేయండి, 5 దగ్గర ఇంకా తగ్గించండి. చీటోకి లైటు గంటలు తగ్గించండి. ఫాస్ఫేట్ 0.05 కంటే కిందికి పోతుంటే జీఎఫ్‌ఓ బయటికి తీసి ఆరబెట్టండి. రెండు అంకెలూ సున్నా దగ్గర ఆడుతూ ఇసుక మీద బుడగలతో గోధుమరంగు జిగురు కనిపిస్తే దించే పనులన్నీ ఆ రోజే ఆపేసి, నీళ్లు మార్చడం కూడా కొన్నాళ్లు మానేసి, చేపలకు మేత ఒక పూట పెంచండి.